హేమ్‌కుండ్ సాహిబ్ యాత్ర: బయలుదేరే ముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

చార్‌ధామ్ గురించి తెలుగులో కావలసినంత సమాచారం ఉంది. బదరీనాథ్ దారిలోనే ఉన్న హేమ్‌కుండ్ సాహిబ్ గురించి మాత్రం తక్కువ. వెళ్దామనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

హేమ్‌కుండ్ సాహిబ్ ఎక్కడుంది? అక్కడ ఏముంది?

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, ఏడు శిఖరాల మధ్య ఒక సరస్సు. దాని ఒడ్డున సిక్కుల గురుద్వారా. ఎత్తు విషయంలో బోర్డులకీ మ్యాపులకీ పొంతన ఉండదు. కొన్నిచోట్ల 15 వేల అడుగులు దాటిందని రాస్తారు, కొన్నిచోట్ల 14 వేల పైచిలుకని రాస్తారు. మీ ఊపిరితిత్తులకు ఆ తేడా పెద్దగా తెలియదు.

పదవ గురువు గురు గోవింద్ సింగ్ పేరుతో ఉన్న 'బచిత్తర్ నాటక్'లో, గురువు పూర్వజన్మలో సప్తశృంగాలున్న హేమకుంట పర్వతం దగ్గర తపస్సు చేశారని ఉంది. ఆ చోటు ఎక్కడుందా అని చాలాకాలం వెతికారు. 1930లలో సంత్ సోహన్ సింగ్, హవల్దార్ మోదన్ సింగ్ ఈ సరస్సు దగ్గరికి చేరి, ఇదే ఆ చోటని నమ్మి, ఒడ్డున చిన్న గురుద్వారా కట్టారు. ఇప్పుడు కనిపించే నక్షత్రాకారపు కట్టడం పని 1960లలో మొదలైంది. సైన్యంలో ఇంజనీరైన మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్, ఆర్కిటెక్ట్ సియాలీ దాని రూపకర్తలు. ఏడాదిలో సగానికి పైగా మంచు కింద ఉండే చోట, సామానంతా మనుషులూ కంచరగాడిదలూ మోసుకెళ్ళి కట్టారన్నది గుర్తుపెట్టుకుని చూడండి.

మనకు ఇంకో ముడి కూడా ఉంది. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించింది గోదావరి ఒడ్డున నాందేడ్‌లో. అదే గోదావరి అక్కణ్ణుంచి కిందికి తెలంగాణలోకి వస్తుంది. నాందేడ్ ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోని ఊరే.

మేం సిక్కులం కాదు. రానిస్తారా?

నిస్సందేహంగా రానిస్తారు. కులం, మతం, ఊరు ఎవరూ అడగరు. తల కప్పుకోవాలి, చెప్పులు బయట విడవాలి. సిగరెట్లు, గుట్కా, మందు దగ్గర ఉండకూడదు. బస్సులో వదిలేసి రావడం కాదు, యాత్ర మొత్తానికీ మానేసి రావడం మంచిది. లోపల గురు గ్రంథ్ సాహిబ్ ముందు వంగి నమస్కరించి, దారికి అడ్డం కాకుండా ఒక పక్కన కూర్చోండి. గ్రంథం వైపు కాళ్ళు చాపకండి. కడా ప్రసాదం (గోధుమపిండి హల్వా) పెడితే రెండు చేతులూ చాచి తీసుకోండి. నెయ్యి, చక్కెర బాగా ఉంటాయి, కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు కొంచెం పెట్టమని ముందే అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ పద్ధతులు ముందుగా అలవాటు కావాలంటే హైదరాబాద్‌లో అమీర్‌పేట గురుద్వారాకో గౌలిగూడ గురుద్వారాకో ఒక ఆదివారం వెళ్ళిరండి. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, కూర్చుని తినండి. నగరంలో నిజాంల కాలం నుంచీ ఉన్న దక్కనీ సిక్కు కుటుంబాలవాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. హేమ్‌కుండ్ వెళ్ళొచ్చినవాళ్ళు కూడా అక్కడ దొరుకుతారు.

ఏ నెలలో వెళ్ళాలి?

మే చివరి వారంలోనో జూన్ మొదట్లోనో ద్వారాలు తెరిచి, అక్టోబర్ 10 ప్రాంతంలో మూసేస్తారు. 2025లో మే 25న తెరిచారు. తేదీ ప్రతి ఏడాదీ ప్రకటిస్తారు, దాన్ని చూసే టికెట్లు తీసుకోండి.

జూన్‌లో పైన మంచు ఉంటుంది. సైన్యం వచ్చి మంచు తవ్వి దారి చేస్తుంది, ఆ మంచుగోడల మధ్య నడుస్తారు. మంచు చూడని మనవాళ్ళకు సరదాగానే ఉంటుంది కానీ జారుతుంది. జనం కూడా ఆ నెలలోనే ఎక్కువ. పంజాబ్ కుర్రాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీద గుంపులు గుంపులుగా వస్తారు. జూలై, ఆగస్టు పూల కాలం, వానల కాలం కూడా. కొండచరియలు పడి రోడ్డు ఆగిపోయేదీ అప్పుడే. నన్నడిగితే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ మధ్య వరకు మంచి సమయం. బ్రహ్మకమలాలు ఇంకా ఉంటాయి, జనం పలచబడతారు, వాన కాస్త తెరిపిస్తుంది. పూలు అక్కర్లేదు, కొండలు స్పష్టంగా కనబడితే చాలనుకుంటే సెప్టెంబర్ చివరికి వెళ్ళండి. చలి మాత్రం గట్టిగా ఉంటుంది.

ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

రిషికేశ్ నుంచి రిషికేశ్‌కి ఆరు రోజులు, అదనంగా ఒక రోజు ఖాళీగా. ఇంటి నుంచి ఇంటికైతే తొమ్మిది, పది రోజులు అనుకోండి.

మొదటి రోజు రిషికేశ్ నుంచి జోషీమఠ్. రెండో రోజు గోవింద్‌ఘాట్ మీదుగా పుల్నా, అక్కణ్ణుంచి నడిచి ఘాంఘరియా (హేమ్‌కుండ్‌కి కింద బస చేసే ఊరు). మూడో రోజు పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూసి మళ్ళీ ఘాంఘరియా. నాలుగో రోజు హేమ్‌కుండ్ ఎక్కి దిగి ఘాంఘరియాలోనే పడక. ఐదో రోజు కిందికి. ఓపికుంటే అదే సాయంత్రం బదరీనాథ్. ఆరో రోజు తిరుగు ప్రయాణం. బదరీనాథ్‌లో నిద్రచేస్తే ఆ ఖాళీ రోజు కూడా ఖర్చయ్యే అవకాశం ఉంది, అప్పుడు ఇంకొకటి కలుపుకోండి.

నాలుగు రోజుల్లో ముగించే ప్యాకేజీలు కూడా అమ్ముతున్నారు. వాటిలో మొదట తగ్గించేది శరీరం ఎత్తుకు అలవాటు పడే రోజునే. ఘాంఘరియాలో ఒక్క రాత్రి పడుకుని తెల్లారి పైకెక్కేవాళ్ళకీ, అక్కడ ఒక రోజు తిరిగి ఎక్కేవాళ్ళకీ తేడా ఆఖరి రెండు కిలోమీటర్లలో తెలిసిపోతుంది.

మన దగ్గర్నుంచి ఎలా చేరాలి?

ఢిల్లీ వరకు రైలు. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, తిరుపతి, విజయవాడ వైపు వాళ్ళకు కేరళ ఎక్స్‌ప్రెస్. ఢిల్లీ నుంచి హరిద్వార్‌కో రిషికేశ్‌కో రైళ్ళూ బస్సులూ బోలెడు. విమానమైతే డెహ్రాడూన్ జాలీగ్రాంట్‌లో దిగాలి, అది రిషికేశ్‌కి దగ్గరే.

రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాదాపు 270 కిలోమీటర్లు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా వస్తాయి. దూరం చూసి అయిదారు గంటలనుకోకండి, పది గంటలు పెట్టుకోండి. కొండ రోడ్డు మీద రాత్రి బళ్ళు వదలరు కాబట్టి తెల్లవారుజామునే కదలాలి. రిషికేశ్‌లో టీటీడీ ఆంధ్రా ఆశ్రమం ఉంది. హేమ్‌కుండ్ యాత్రికులు దిగే పెద్ద గురుద్వారా కూడా అక్కడే ఉంది. ఏదో ఒకచోట ముందురోజు దిగితే పొద్దున్నే టెన్షన్ ఉండదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

అవును. చార్‌ధామ్ యాత్రకు ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ నడిపే పోర్టల్‌లోనే హేమ్‌కుండ్ సాహిబ్‌ని కూడా ఎంచుకోవచ్చు. టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్ యాప్‌లోనూ చేయొచ్చు. డబ్బేమీ కట్టనక్కర్లేదు. డబ్బడిగే వెబ్‌సైటు కనబడితే మూసేయండి. బదరీనాథ్ కూడా వెళ్తుంటే రెండూ పెట్టుకోండి. కాగితం మీద ప్రింటు దగ్గర ఉంచుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయే చోటే చెక్‌పోస్టు వస్తుంది.

నడక ఎంత? నిజంగా ఎంత కష్టం?

గోవింద్‌ఘాట్ దగ్గర అలకనంద దాటితే పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులు వెళ్తాయి. అక్కణ్ణుంచి ఘాంఘరియా దాదాపు పది కిలోమీటర్లు. మొదట్లో నీడ, పక్కనే నది హోరు, మధ్యలో భ్యూందార్ ఊరు, టీ కొట్లు. భ్యూందార్ తర్వాత వంతెన దాటాక ఎక్కుడు నిటారుగా ఉంటుంది, అక్కడే అందరూ నీరసపడతారు. ఐదు నుంచి ఏడు గంటలు పట్టొచ్చు. ఘాంఘరియా సుమారు 10 వేల అడుగుల ఎత్తు.

ఘాంఘరియా నుంచి హేమ్‌కుండ్ ఆరు కిలోమీటర్లే. ఆ 'ఆరే కదా' అన్న లెక్కే మనుషుల్ని దెబ్బతీస్తుంది. ఆ ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. మధ్యలో చదును ముక్క దాదాపు లేదు. పైన గాలిలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం దగ్గర. ఆఖరున రెండు దారులు వస్తాయి: వెయ్యికి పైగా ఉన్న మెట్ల దారి, చుట్టు తిరిగే గుర్రాల దారి. మెట్లు దగ్గర దారే కానీ ఊపిరి ఆడనివ్వవు. ఎక్కేటప్పుడు చుట్టుదారి పట్టుకోండి, మెట్ల జోలికి పోవద్దు.

తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళం. ఆ ప్రాక్టీసు చాలదా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలిగితే కాళ్ళ విషయంలో మీకు భయం లేదు. పుల్నా నుంచి ఘాంఘరియా నడక మీకు అలవాటైన పనే. కానీ అలిపిరి మెట్లు ఎత్తుకి పరీక్ష పెట్టవు. తిరుమలే 3 వేల అడుగుల లోపు. మారథాన్ పరిగెత్తే పాతికేళ్ళ కుర్రాడు తలపట్టుకుని కూర్చోవడం, పక్కనే అరవై ఏళ్ళావిడ సత్‌నామ్ వాహెగురు అనుకుంటూ నెమ్మదిగా దాటిపోవడం ఆ దారిలో మామూలే. కుర్రాడు త్వరగా ఎక్కాడు, అంతే తేడా.

రెండు నెలల ముందు నుంచి రోజూ గంట నడక, వారానికి రెండుమూడు సార్లు అపార్ట్‌మెంట్ మెట్లు, వీలైతే వీపున నాలుగైదు కిలోల బ్యాగుతో. మెట్లు దిగడం కూడా ప్రాక్టీసు చేయండి. లిఫ్టులో దిగిపోతే మోకాళ్ళకు ఆ పని రాదు.

హేమ్‌కుండ్ రోజు ఎన్నింటికి బయలుదేరాలి?

ఐదింటికల్లా. పైన రాత్రి బస లేదు, ఎవరికీ ఉండనివ్వరు. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఆఖరి అర్దాస్ (సామూహిక ప్రార్థన) జరుగుతుంది, రెండు గంటలకల్లా అందరినీ కిందికి పంపేస్తారు. మధ్యాహ్నం నుంచి మబ్బు దిగి సరస్సు ఎదురొడ్డు కూడా కనబడదు. మామూలుగా నడిచేవాళ్ళకు ఎక్కడానికి నాలుగైదు గంటలు, దిగడానికి మూడు. ఐదుకి కదిలితే పదింటికి పైనుంటారు, తీరిగ్గా రెండు గంటలు గడపొచ్చు. ఎనిమిదికి కదిలితే గడియారం చూసుకుంటూ ఎక్కాలి. ఎత్తులో తొందరపడటం కన్నా చెడ్డ పని లేదు. వేళలు ముందురోజు సాయంత్రం ఘాంఘరియా గురుద్వారాలో ఒకసారి అడగండి, వాతావరణాన్ని బట్టి మారుతుంటాయి.

ఆక్సిజన్ అందక ఇబ్బందైతే? కర్పూరం వాసన చూస్తే సరిపోతుందంటారు కదా?

సరిపోదు. కర్పూరం వాసనకు ముక్కు చల్లబడి హాయిగా అనిపిస్తుంది తప్ప, రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కువ పోదు. హాయిగా ఉంది కదా అని ఇంకా పైకి నడవడంలోనే ప్రమాదం ఉంది. చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా కొన్ని నిమిషాల ముచ్చటే.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం వస్తే ఎత్తు పడలేదని అర్థం. ఆగండి, నీళ్ళు తాగండి, అరగంట కూర్చోండి. తగ్గితే నెమ్మదిగా సాగండి, పెరుగుతుంటే దిగిపోండి. తాగినవాడిలా నడక తడబడటం, మాట తికమక కావడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ పడటం కనిపిస్తే ఇక ఆలోచించొద్దు. ఆ మనిషిని ఒంటరిగా పంపకుండా వెంటనే కిందికి దించాలి. ఎంత త్వరగా దించితే అంత మంచిది. పైకి తీసుకెళ్ళి దర్శనం చేయించి దించుదామనే మాట అప్పుడు ఎవరన్నా వినకండి.

ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి చాలామంది అడుగుతారు. పనిచేసే మందే. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఇబ్బంది. మీ డాక్టర్‌ని అడిగి, మోతాదు రాయించుకునే వాడండి. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ సరే అనకుండా బయలుదేరొద్దు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలి. గుర్రాలు, డోలీలు ఉంటాయా?

ఉంటాయి. గుర్రమని పిలిచినా చాలావరకు కంచరగాడిదలే. వీపున బుట్టలో కూర్చోబెట్టుకుని ఒక్కరే మోసే కండీ, నలుగురు మోసే డోలీ దొరుకుతాయి. ధరల పట్టిక పెట్టిన కౌంటర్ దగ్గరే మాట్లాడుకోండి, దారిలో బేరాలొద్దు. గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియాకి వాతావరణం బాగుంటే హెలికాప్టర్ కూడా ఎగురుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. గుర్రమెక్కినా, హెలికాప్టరెక్కినా కాళ్ళకే విశ్రాంతి, ఊపిరితిత్తులకు కాదు. పైగా నడిచేవాళ్ళకన్నా త్వరగా ఎత్తుకి చేరతారు. కాబట్టి పెద్దవాళ్ళను హెలికాప్టర్‌లో తెచ్చినా ఘాంఘరియాలో రెండు రాత్రులు ఉంచండి. దిగేటప్పుడు గుర్రం వద్దు. ముందుకు తూలుతుంది, తడి రాళ్ళ మీద జారుతుంది.

రోప్‌వే వస్తోందంటున్నారు, అప్పటిదాకా ఆగమంటారా?

గోవింద్‌ఘాట్ నుంచి హేమ్‌కుండ్ సాహిబ్ వరకు 12.4 కిలోమీటర్ల రోప్‌వేకి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం రూ. 2,730 కోట్లు. అలాంటి కొండల్లో కట్టడానికి ఏళ్ళు పడుతుంది. నడవగలిగినవాళ్ళు దానికోసం ఆగనక్కర్లేదు. వచ్చాక కూడా ఎత్తు సమస్య పోదు, ఇంకా పెరుగుతుంది. అరగంటో గంటో కూర్చుని 14 వేల అడుగులకి చేరడం శరీరానికి మంచిది కాదు.

బస, తిండి?

గోవింద్‌ఘాట్‌లోనూ ఘాంఘరియాలోనూ గురుద్వారాల్లో ఉచితంగా ఉండొచ్చు. హాల్లో చాప, దుప్పట్లు ఇస్తారు. జనం ఎక్కువైతే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. గురకకు నిద్ర పట్టనివాళ్ళు ఘాంఘరియాలో హోటల్ గది తీసుకోండి. ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వాళ్ళ గెస్ట్‌హౌస్ కూడా ఉంది. జూన్‌లో అన్నీ ముందే నిండిపోతాయి.

లంగర్‌లో రొట్టె, పప్పు, అన్నం. పైన హేమ్‌కుండ్‌లో వేడి కిచిడీ, టీ. ఆ చలిలో ఆ కిచిడీ రుచిని వర్ణించను, తిని చూడండి. ఉచితమే కదా అని పళ్ళెంలో వదలొద్దు, ప్రతి గింజా కింది నుంచి మోసుకొచ్చిందే. గోలక్‌లో (కానుకల పెట్టెలో) మీకు తోచింది వేయండి, లేదా కాసేపు గిన్నెలు కడగండి, చేయనిస్తారు. కారప్పొడి, ఆవకాయ చిన్న డబ్బాలో తీసుకెళ్తే మనవాళ్ళకు మూడో రోజు నుంచి బాగా పనికొస్తుంది.

సరస్సులో స్నానం చేయాలా?

చేయాలన్న బలవంతం లేదు. సిక్కు యాత్రికులు చాలామంది మునుగుతారు, ఆడవాళ్ళకు చాటు ఉన్న చోటు వేరుగా ఉంది. నీళ్ళు మంచు కరిగినవి, గుచ్చుకుంటాయి. మునిగితే ఒకటి రెండు మునకలు వేసి వెంటనే పొడి బట్టలు కట్టుకోండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు నీళ్ళు తలమీద చల్లుకుంటే చాలు. సబ్బు, షాంపూ ఆ నీళ్ళలో వాడకండి.

అక్కడ లక్ష్మణుడి గుడి కూడా ఉందట?

ఉంది, గురుద్వారా పక్కనే. స్థానికులు ఈ సరస్సుని లోక్‌పాల్ అంటారు. లక్ష్మణుడు ఇక్కడ తపస్సు చేశాడని నమ్ముతారు. సరస్సు నుంచి దిగే వాగుకి హేమగంగ అనీ లక్ష్మణగంగ అనీ పేర్లు. మీరు ఘాంఘరియాకి ఎక్కుతున్నంతసేపూ పక్కన హోరెత్తేది ఆ నీళ్ళు కలిసిన నదే. సిక్కులు గుడి దగ్గర ఆగుతారు, హిందువులు గురుద్వారాలో కూర్చుంటారు. ఎవరి కథ ముందుదన్న వాదన అక్కడ నాకు వినబడలేదు, మనం మొదలుపెట్టాల్సిన పనీ లేదు.

పూల లోయ చూడకుండా రావచ్చా?

జూలై, ఆగస్టుల్లో వెళ్తే చూడకపోవడం అన్యాయం. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడి బృందం దీన్ని చూశాకే బయటి ప్రపంచానికి తెలిసింది. 1982లో జాతీయ ఉద్యానం అయింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఘాంఘరియా దాటగానే దారి చీలుతుంది, ఎడమకు లోయ, కుడికి హేమ్‌కుండ్. లోయలో గుర్రాలు రావు, రాత్రి ఉండకూడదు, టికెట్ తీసుకోవాలి. హేమ్‌కుండ్‌కన్నా చాలా తక్కువ ఎత్తు కాబట్టే ముందురోజు పెట్టమన్నాను. మే చివర్లో, అక్టోబర్‌లో పూలుండవు.

బ్రహ్మకమలం ఒక్కటి తెచ్చుకోవచ్చా?

వద్దు. కోయడం నిషేధం, తెచ్చినా దారిలోనే వాడిపోతుంది.

ఏం బట్టలు, ఏం సామాను?

బరువు తక్కువ ఉండాలి, తడవకూడదు. ఈ రెండూ చూసుకుంటే చాలు. పొరలు పొరలుగా వేసుకోండి: లోపల త్వరగా ఆరే టీషర్టు, మీద ఫ్లీస్, ఆ మీద గాలీ వానా ఆపే జాకెట్. జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులు ఆరదు. కొత్త బూట్లు కొండమీద మొదటిసారి వేయకండి, నెల ముందే వేసి నడవండి. పాంచో (మీద కప్పుకునే వానకోటు), టోపీ, చేతి తొడుగులు, మూడు జతల సాక్సులు, టార్చి, కర్ర, ఓఆర్ఎస్. తలకు రుమాలు లేకపోతే గురుద్వారాలో దొరుకుతుంది. పెద్ద సూట్‌కేసు జోషీమఠ్ హోటల్లోనో గోవింద్‌ఘాట్ గురుద్వారా సామాన్ల గదిలోనో వదిలేయండి. నీళ్ళ సీసా మీదే తీసుకెళ్తే ప్లాస్టిక్ సీసాలు కొనక్కర్లేదు. ఆ దారిలో చెత్త ఎత్తేవాళ్ళు ఊరివాళ్ళే.

ఫోన్, డబ్బు సంగతి?

సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని. నగదు జోషీమఠ్‌లో తీసుకోండి, ఆ పైన ఏటీఎంని, యూపీఐని నమ్ముకోవద్దు. ఘాంఘరియాలో కరెంటు రోజంతా ఉంటుందని అనుకోకండి. పవర్ బ్యాంకు రాత్రి జాకెట్ లోపల పెట్టుకుంటే చలికి త్వరగా దిగిపోదు.

రోడ్డు మూసుకుపోతే?

ఆగండి. డ్రైవర్ మీద అరవకండి. 2013 వరదల్లో గోవింద్‌ఘాట్ చాలా దెబ్బతింది. 2025 మార్చిలో అక్కడి వంతెన కొండచరియలు పడి కూలింది, తర్వాత తాత్కాలిక వంతెన వేశారు. అది అలాంటి నేల. వానల్లో పీపల్‌కోటి, జోషీమఠ్ మధ్య బళ్ళు గంటలకొద్దీ ఆగడం మామూలు. ఖాళీ రోజు పెట్టుకోమన్నది ఇందుకే. తిరుగు రైలు, విమానం టికెట్ యాత్ర ముగిసిన మర్నాటికే తీసుకుంటే, వాన పడ్డ ప్రతి గంటా మీకు టికెట్ గుర్తొస్తుంది. పైగా అలాంటివాళ్ళే చీకట్లో దాటేద్దాం అని డ్రైవర్ని ఒప్పిస్తారు.

అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారు, వాళ్ళకేమైనా వేరే ఉందా?

రిజిస్ట్రేషన్‌కి పాస్‌పోర్టు వాడాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు పూల లోయ టికెట్ ధర వేరు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదవండి, చాలా పాలసీలు ఒక ఎత్తు దాటితే చెల్లవు. విమానం దిగిన మర్నాడే కొండ రోడ్డు ఎక్కించకండి. ఒక రోజు రిషికేశ్‌లో నిద్ర తీరనివ్వండి, రెండో రాత్రి జోషీమఠ్‌లో. అక్కడ నరసింహస్వామి గుడి చూపించండి, సాయంత్రం బజారులో ఉన్ని టోపీలు కొనిపెట్టండి, ఘాంఘరియాలో ధర ఎక్కువ.